దుంపలు ఇంటికి చేరాక

సంపాదకులు గారు దీపావళి సంచికకు "గుండె జబ్బులు – తీసుకోవలసిన జాగ్రత్తలు" అని ఒక వ్యాసం రాయమని మమ్మల్ని అడిగారు. మేమిద్దరమూ డాక్టర్లము కనుక అడగడం న్యాయమే. రాద్దామని రెండు మూడు సార్లు కూర్చున్నాము కూడా. ఉప్పు తగ్గించండి, నడవండి, పొగ మానండి అని పది వాక్యాలు రాసేసరికి మాకే ఆవలింతలు వచ్చాయి. ఇవి తెలియనివారు మన సంఘంలో ఎవరున్నారు? అందుచేత ఆ కాగితాలు పక్కన పెట్టి, 2022 అక్టోబరులో మేము దుంపలు తవ్విన సంగతి రాసి పంపుతున్నాము. గుండె జబ్బు అందులోనే ఉంది. సంపాదకులు గారు మన్నించాలి.

మేముండేది మెయిన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన, అరూస్టుక్ కౌంటీలో. కెనడా సరిహద్దు పక్కనే. మా వీసా షరతు ప్రకారం డాక్టర్ల కొరత ఉన్నచోట మూడేళ్ళు పనిచేయాలి గనుక 2021లో ఇక్కడికి వచ్చాము. కౌంటీ అంటే మన తాలూకా అంత ఉంటుందనుకున్నాము. తీరా చూస్తే కనెక్టికట్, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు రెండూ కలిపినా దీనికంటే చిన్నవే! ఇక్కడివాళ్ళు ఊరుపేరు కూడా చెప్పరు. "ది కౌంటీ" అంటారు, అంతే. కౌంటీ అంటే బంగాళాదుంప. మా రాయలసీమ మాటలో ఉర్లగడ్డ. ఎటు చూసినా అలలు అలలుగా ఉర్లగడ్డ చేలే. సెప్టెంబరులో గడ్డ తవ్వే రోజులకు బడులు కొన్ని వారాలు మూసేసే ఆచారం ఇక్కడ తరతరాలుగా ఉంది. వెనకటికి చిన్నపిల్లలు కూడా వంగి గడ్డలేరి, బుట్టలు పీపాల్లో గుమ్మరించి, పీపాకింత అని కూలి తెచ్చుకునేవారట. యంత్రాలు వచ్చాక ఆ సెలవులు కొన్నిచోట్ల పోయాయి, కొన్నిచోట్ల హైస్కూలు పిల్లలకు మాత్రమే మిగిలాయి. పంటకోసం బడి మూసే ఊరు అమెరికాలో ఉందని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వేరుశనగ పీకే రోజుల్లో మా ఊరి బడిలో పంతులు గారు తప్ప ఎవరూ ఉండేవారు కాదు మరి.

మా ఆసుపత్రికి కాస్త దూరంలో న్యూ స్వీడన్ అనే ఊరుంది. 1870 జూలైలో స్వీడన్ దేశం నుంచి 51 మంది వలస వచ్చి, అడవి కొట్టుకుని నిలబెట్టిన ఊరు. ఆ చుట్టుపక్కలే ఒక పెద్దాయన, వాళ్ళావిడ నాలుగెకరాల్లో కూరగాయలు పండిస్తారు. ఆయన ముత్తాతల నాడే వాళ్ళ కుటుంబం స్వీడన్ నుంచి వచ్చింది. పేరు రాయవద్దన్నారు, మిగతాది ఏదైనా రాసుకోమన్నారు; కనుక ఈ వ్యాసంలో ఆయన పెద్దాయనే. ఆయన పొలంలో ఉర్లగడ్డలతోపాటు క్యారెట్టు, బీట్‌రూటు, పార్స్‌నిప్ అనే తెల్ల క్యారెట్టు లాంటిది, ఇంకా రూటబాగా అనే ఒక దుంప పండుతాయి. ఈ రూటబాగా టర్నిప్‌కు అన్నగారు. కొబ్బరికాయంత ఉంటుంది, పైన ఊదారంగు, లోపల లేత పసుపు. ఆ పేరు కూడా స్వీడిష్ మాటలోంచే వచ్చింది, ఇంగ్లండులో అయితే ఏకంగా "స్వీడ్" అనే అంటారు. "మా వాళ్ళు, ఈ దుంప, ఒకచోటి నుంచే వచ్చాం. ఇద్దరమూ చలికి చావం" అని పెద్దాయన తరచూ అనేవాడు.

మొదటి శీతకాలంలోనే మేము ఆయన ఖాతాదారులమయ్యాము. పద్ధతి ఏమిటంటే, వసంతంలోనే నలభై కుటుంబాలు ఆయనకు డబ్బు కట్టేస్తాయి. ఆ డబ్బుతో విత్తనాలు, ఎరువు, కూలి. నవంబరు నుంచి మార్చి వరకు నెలకొక పెట్టె దుంపలు ఇంటికి వస్తాయి. బయట నాలుగడుగుల మంచు ఉండగా మట్టివాసనతో ఒక పెట్టె గడపలోకి రావడం ఎలా ఉంటుందో చలిదేశాల్లో ఉన్న మన సభ్యులకు చెప్పనక్కర్లేదు.

ఈ దుంపలవల్ల మా ఆసుపత్రికి కూడా కొంత పని ఉంది. ప్రతి అక్టోబరులోనూ ఒకరో ఇద్దరో మూత్రంలో రక్తం పోతోందని బెదిరిపోయి వస్తారు. పరీక్షలకు ముందు మేమడిగే మొదటి ప్రశ్న "నిన్న బీట్‌రూటు తిన్నారా?" అని. కొందరికి ఆ ఎరుపు అట్లా దిగుతుంది, ప్రమాదం లేదు. అరచేతులు పసుపెక్కిన పసిపిల్లను తీసుకుని కామెర్లేమోనని ఒక తల్లి వచ్చింది. కళ్ళు తెల్లగా ఉన్నాయి. రోజూ పెట్టేది ఉడికించిన క్యారెట్టు ముద్ద! ఇలాంటి రోగులు వచ్చినప్పుడు మాకూ వాళ్ళకూ కూడా ఆ రోజు పండగే.

పెద్దాయన వచ్చింది అలాంటి జబ్బుతో కాదు. 2022 అక్టోబరు మొదటి వారంలో ఒక గురువారం, వాళ్ళావిడ పట్టుబట్టి తీసుకొస్తే వచ్చాడు. మూడు వారాలుగా పెట్టెలెత్తినప్పుడు రొమ్ము మధ్య ఎవరో కూర్చున్నట్టు బరువు, కూర్చుంటే తగ్గుతుంది. మొదట పెద్ద పెట్టెకు వచ్చేది, ఇప్పుడు బుట్టకే వస్తోంది. ఈ.సి.జి.లో ఏమీ కనబడలేదు. కానీ ఇలా కొత్తగా మొదలై రోజురోజుకూ పెరిగే నొప్పిని ఈ.సి.జి. బాగుంది కదా అని వదలడానికి లేదు. రక్తనాళం ఏ క్షణాన మూసుకుంటుందో చెప్పలేము. బాంగర్ నగరంలోని పెద్దాసుపత్రికి ఈరోజే వెళ్ళాలి, ఇక్కడికి మూడు గంటల ప్రయాణం, మేమే ఫోను చేసి ఏర్పాటు చేస్తామన్నాము.

ఆయన టోపీ చేతుల్లో తిప్పుతూ కాసేపు ఊరుకున్నాడు. తరువాత, "దుంపలు లోపలికి చేరనీ డాక్టరూ. తరువాత ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను" అన్నాడు.

మేము పాఠంలో చెప్పినట్టు అన్నీ చెప్పాము. ప్రాణాపాయమని చెప్పాము. అన్నీ విని, అర్థమైందనీ, వెళ్ళనని తన నిర్ణయమేననీ కాగితంమీద సంతకం పెట్టాడు. ఆస్పిరిను, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే బిళ్ళలు ఇచ్చాము. వాళ్ళావిడ తలుపు దగ్గర ఆగి, "నేను చెప్పీ చెప్పీ అలిసిపోయాను, మీరైనా చెబుతారనుకున్నాను" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఇద్దరికీ మాట పెగల్లేదు. ఆయన అన్న మాట మేము అంతకు ముందు విన్నాము. అదే మాట, వేరే భాషలో.

మా నాయన (ఒకరికి నాయన, ఇంకొకరికి మామ, ఇంట్లో అందరమూ నాయన అనే అనేవాళ్ళం) ధర్మవరం దగ్గర పల్లెలో వేరుశనగ రైతు. అప్పటికి అది అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. 2017 అక్టోబరులో మేము ఇక్కడ రెసిడెన్సీ చేస్తున్నాము. నాయన ఫోనులో మాట్లాడుతూ, చెనక్కాయ కట్టె మోస్తుంటే ఎద పట్టేసినట్టుంటోందని, గ్యాసు కాబోలునని అన్నాడు. మేము ఊరుకున్నామా? రోజూ ఫోను చేశాము. అనంతపురం పోయి ఈ.సి.జి. తీయించుకో నాయనా అని బతిమాలాము, కోప్పడ్డాము. పరీక్షలకని డబ్బు పంపాము. ఆయన ప్రతిసారీ చెప్పింది ఒకటే. "కాయ ఇంటికి చేరనీప్పా. ఆ తర్వాత యాడికి రమ్మంటే ఆడికొస్తా."

పంట తెలిసినవారికి ఆ మాటలోని బాధ తెలుస్తుంది. ఆయన వేసింది కదిరి-6 రకం. ఆ కాయకు నిద్ర లేదు; తయారయ్యాక వాన పడితే నేలలోనే మొలకెత్తుతుంది. పీకి ఆరబెట్టిన చెట్టు మీద వాన పడితే కాయ నల్లబడుతుంది, పశువులకు వేసే కట్టె బూజు పడుతుంది. పీకాలి, తిరగేసి ఆరబెట్టాలి, వామి వేయాలి, కాయ విడిపించాలి. అందరి చేలూ ఒకేసారి వస్తాయి గనుక కూలోళ్ళు దొరకరు. ఆకాశం కేసి చూస్తూ ఒంటి చేత్తో చేసుకోవాలి. మేము పంపిన డబ్బును ఆయన దేనికి వాడాడో తరువాత అమ్మ చెప్పింది. ఈ.సి.జి.కి కాదు, కూలికి. అదీ సరిపోలేదు.

నవంబరు మొదటి వారంలో, వామి వేసిన మరునాడు, కళ్ళం దగ్గరే పడిపోయాడు. ఆటోలో ధర్మవరం చేరేలోపలే పోయాడు. మేము చేరేసరికి మూడో రోజు. అన్నీ అయిపోయాయి. వామి మీద టార్పాలిను కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఉంది. అది కప్పింది ఆయనే.

అయిదేళ్ళుగా మేము మాకు చెప్పుకుంటూ వచ్చింది ఏమిటంటే: మేము చెప్పాము, ఆయన వినలేదు. ఆ గురువారం సాయంత్రం ఆ మాట మాకు మేమే చెప్పుకోలేకపోయాము. ఇక్కడ ఇంకొకాయన కూడా వినలేదు మరి. ఇద్దరు రైతులకూ చెవుడేనా? చెప్పినవాళ్ళలో ఏమైనా లోపముందా?

పాపకు అన్నం పెట్టి, ముగ్గురమూ కారెక్కి పొలానికి వెళ్ళాము. పెద్దాయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని రేడియోలో వాతావరణం వింటున్నాడు. వచ్చే వారాంతం నాటికి గట్టిగా మంచు గడ్డకట్టే సూచన ఉంది. ఉర్లగడ్డలు అప్పటికే తవ్వేశారు. క్యారెట్టు, బీట్‌రూటు, రూటబాగా నేలలోనే ఉన్నాయి. రోజూ వచ్చే ఇద్దరు హైస్కూలు కుర్రాళ్ళు ఆ ఏడు ఎక్కువ కూలి ఇచ్చే పెద్ద పొలానికి వెళ్ళిపోయారు. కొడుకు దూరాన వేరే ఉద్యోగంలో ఉన్నాడు. "నలభై ఇళ్ళవాళ్ళు మార్చిలోనే డబ్బిచ్చారు. వాళ్ళకేం చెప్పను?" అన్నాడు పెద్దాయన. ఆసుపత్రిలో మేము అడగని ప్రశ్నకు జవాబు అది.

మేమన్నాము: "రేపు పొద్దున మీరు బాంగర్ వెళ్ళండి. శని, ఆదివారాలు దుంపలు మేము తవ్వుతాము. చాలకపోతే పై వారం కూడా వస్తాము. ఆ నలభై ఇళ్ళలో మాదీ ఒకటి. మిగిలిన ముప్పై తొమ్మిదింటికీ ఈ రాత్రే ఫోను చేస్తాము."

ఆయన మా చేతులకేసి చూశాడు. డాక్టర్ల చేతులు. నవ్వాపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. కానీ వాళ్ళావిడ అప్పటికే లేచి కారు తాళాలు వెతుకుతోంది. ఆవిడ బాంగర్‌లో ఆయన దగ్గరుండి, ఏ పని ఎలా చేయాలో ఫోనులో చెప్పేటట్టు ఒప్పందమైంది.

శనివారం పొద్దున మొత్తం పదహారు మంది చేరాము. బడిపంతులమ్మ, పోస్టాఫీసాయన, మా నర్సులిద్దరు, పంట సెలవుల్లో ఉన్న నలుగురు హైస్కూలు పిల్లలు. మాలో ఒకరికి ఆదివారం ఆసుపత్రి డ్యూటీ ఉంది గనుక ఆ రోజు రెండోవారు పాపతో వెళ్ళారు. ఆవిడ మొదట చెప్పింది ఏది ముందు తవ్వాలో. బీట్‌రూటు భుజాలు నేలపైన ఉంటాయి, మంచుకు ముందు దెబ్బతినేది అదే, అది ముందు. తరువాత క్యారెట్టు. రూటబాగా తేలికపాటి మంచుకు లెక్కచెయ్యదు, చివరికి ఉంచండి. పార్స్‌నిప్ జోలికి పోవద్దు, నేలలోనే చలికాలం గడిపి వసంతంలో ఇంకా తీపెక్కుతుంది. అత్యవసర విభాగంలో ఏ రోగిని ముందు చూడాలో మేము తేల్చే పద్ధతీ ఇదే. మాకు వెంటనే వంటబట్టింది. పార్స్‌నిప్ ఆకుల రసం ఒంటికి తగిలి ఎండ సోకితే కాలినట్టు పొక్కులు లేస్తాయని మాకు తెలుసు. మేమిచ్చిన ఒకే ఒక వైద్యసలహా, ఆ మడి పక్కగా పోయేటప్పుడు చేతుల చొక్కాలు దించుకోమని.

క్యారెట్లను ఆకు పట్టుకుని లాగితే ఆకే చేతికి వస్తుంది. ముందు నేల గుల్ల చేయాలి. దానికి బ్రాడ్‌ఫోర్క్ అని ఒక పనిముట్టుంది. రెండు పొడుగాటి పిడులు, అడుగున వరసగా ఇనుప కొమ్ములు. అడ్డపట్టీ మీద రెండు కాళ్ళతో ఎక్కి నిలబడి, కొమ్ములు దిగాక పిడులు వెనక్కు వంచాలి. నేల ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు పైకి లేస్తుంది. అప్పుడు చెయ్యి పెడితే దుంప దానంతటదే వస్తుంది. అది చూసినప్పుడు గట్టిపడిన నేలలో చెనక్కాయ చెట్టు పీకలేక నాయన గుంటక కట్టించిన రోజు గుర్తుకొచ్చింది. ఈ నేలలో రాళ్ళెక్కువ. ప్రతి చలికాలమూ నేల గడ్డకట్టి, కరిగి, కింది రాళ్ళను పైకి నెడుతుంది. ఎన్ని ఏరినా మరుసటి ఏడు మళ్ళీ పుడతాయి. రాయి అడ్డమొచ్చిన క్యారెట్టు రెండు కాళ్ళుగా చీలి, లాగు తొడుక్కున్నట్టుంటుంది. మా పాప అలాంటివన్నీ వేరే బుట్టలో పోగేసి, ఒక్కోదానికీ పేరు పెట్టింది. నేల కింద పంటలన్నిటికీ ఒకటే గుణం. పైన ఆకు పచ్చగా నవ్వుతూ ఉంటుంది, లోపల ఏముందో పీకితేగాని తెలియదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు బాంగర్ నుంచి ఫోను వచ్చింది. నడుములు పట్టేసి అందరమూ బండి పక్కన చతికిలబడి ఉన్నాము. ఆ ఉదయమే రక్తనాళాల్లోకి రంగు పంపి ఫోటో తీశారు. ముఖ్యమైన నాళం ఒకటి దారంలా సన్నబడి ఉందట. స్టెంట్లు రెండు వేశారు. "ఇంకొక వారం ఆగి ఉంటే" అని అక్కడి డాక్టరు వాక్యం పూర్తిచేయలేదు. మేమూ అడగలేదు. మాలో ఒకరు లేచి, షెడ్డు వెనక్కు వెళ్ళి, చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. ఏడ్చింది పెద్దాయన కోసమూ కాదు, ఒక్క నాయన కోసమూ కాదు. పదహారు మంది ఇంత తేలికగా దొరికారే, ఇంత చిన్న పనా, అని.

సోమవారానికి ఆయన ఇంటికి వచ్చేశాడు. బరువులెత్తకూడదని కట్టడి. ఆ పై శనివారం మేము వెళ్ళేసరికి కొట్టు గుమ్మంలో బోర్లించిన పెట్టె మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, అజమాయిషీ మొదలుపెట్టాడు. బీట్‌రూటు పెట్టె ఒకటి చూసి తల పట్టుకున్నాడు. "ఇది కోసిందెవరు? అంగుళం కాడ వదలమని చెప్పలేదూ? మొదలంటా కోస్తే రక్తం కారినట్టు కారి కుళ్ళిపోతుంది. మీరు డాక్టర్లా?" అది కోసింది మేమే. ఆ పెట్టె మా ఇంటికే తెచ్చుకున్నాము.

ఆయన కొట్టు కొండవాలులోకి తొలిచి కట్టింది. మూడు వైపులా నేల. వాళ్ళ తాత కట్టించాడట. అందులో ఒక మూలకు మిక్‌మాక్ ఆదివాసులు యాష్ చెక్కతో అల్లిన పాత ఉర్లగడ్డ బుట్ట వేలాడుతోంది. దుంపలు దాచడం ఒక శాస్త్రమే. కడగకూడదు, మట్టి దులిపితే చాలు. క్యారెట్టు ఆకు తుంచేసి, తడి ఇసుకలో పొరలు పొరలుగా పేర్చాలి. గడ్డకట్టకుండా, దాదాపు సున్నా డిగ్రీల చలిలో, గాలిలో బాగా తేమతో ఉంచాలి. ఉర్లగడ్డకు అంత చలి పనికిరాదు. మూడు నాలుగు డిగ్రీలు, చీకటి. వెలుగు తగిలితే పచ్చబడి విషమెక్కుతుంది. ఆపిల్ పళ్ళు దగ్గర పెట్టారో, వాటినుంచి వచ్చే వాయువుకు క్యారెట్టు చేదెక్కుతుంది. ఇంత చేస్తే వసంతం దాకా నిలుస్తాయి. చలి తగిలిన కొద్దీ దుంప తనలోని పిండిని కొంత చక్కెరగా మార్చుకుంటుంది, గడ్డకట్టకుండా కాపాడుకోవడానికి. మంచు పడ్డాక తవ్విన రూటబాగాకు తీపి ఎక్కువని పెద్దాయన అంటే నమ్మలేదు; తిన్నాక నమ్మాము.

చివరి రూటబాగా లోపలికి చేరేసరికి చీకటి పడింది. అందరమూ గుమ్మంలో నిలబడ్డాము. పెద్దాయన లేచి, తానే తలుపు మూసి, గడియ పెట్టాడు. వామి మీద కప్పిన టార్పాలిను మాకు కళ్ళముందు కనబడింది. ఈయన తలుపు మూసి, వెనక్కు తిరిగి, "ఆకలేస్తోంది" అన్నాడు.

ఆ రాత్రి వాళ్ళ వంటింట్లోనే రూటబాగాను మా పద్ధతిలో వండాము. ముక్కలు ఉడికించి, ఆవాలు, ఎండుమిరపకాయ, వెల్లుల్లి తాలింపు పెట్టి, చివర దండిగా చెనక్కాయల పొడి. పొడి మా ఇంటినుంచి తీసుకెళ్ళాము. కౌంటీలో పుట్టిన దుంపకు ధర్మవరం తాలింపు బాగా కుదిరింది. పెద్దాయన రెండోసారి వడ్డించుకుని, ఈ పొడి ఏమిటని అడిగాడు. ఇది కూడా నేల కింద పండేదేనని చెప్పి, నాయన సంగతి చెప్పాము. ఆయన గరిటె కింద పెట్టి, చాలాసేపు మాట్లాడలేదు. "మీ నాన్నది తప్పు కాదు" అన్నాడు చివరకు. "మీదీ కాదు. మనుషులు తక్కువపడ్డారు."

వ్యాసం ఇక్కడితో ముగించవచ్చు గాని, సంపాదకులు గారు జాగ్రత్తలు రాయమన్నారు గనుక ఒకటి రాస్తాము. మన సభ్యుల్లో చాలామందికి ఊళ్ళో సేద్యం చేసే తండ్రో, చిన్నాయనో, బావో ఉన్నారు. వాళ్ళకు నొప్పి వచ్చిందంటే వెంటనే ఆసుపత్రికి పొమ్మని ఫోనులో చెప్పండి. చెప్పి ఊరుకోకండి. చేలో ఏముంది, ఎన్ని రోజుల పని మిగిలింది, మనుషులు దొరికారా, పశువులకు నీళ్ళెవరు పెడతారు, ఇవి కూడా అడగండి. ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషిని చూడటం ఎంత ముఖ్యమో, ఆయన బదులు చేలోకి దిగే మనిషిని చూడటమూ అంత ముఖ్యం. డబ్బు పంపితే రెండింటికీ పంపండి.

నాయన పొలం ఇప్పుడు చిన్నాయన చూస్తున్నాడు. ఆ అక్టోబరు ఆఖరున మేము ఫోను చేసి, మొదటి మాటగా "చిన్నాయనా, కాయ పీకడానికి ఎంతమంది కూలోళ్ళు దొరికినారు?" అని అడిగాము. ఆయన పకపకా నవ్వాడు. "ఇదేందిరా, డాక్టర్లు ఒంటి సంగతి మాని కూలోళ్ళ లెక్క అడుగుతాండారు?" ఇద్దరు తక్కువని తేలింది. ఆ ఇద్దరినీ పక్క ఊరినుంచి కుదిర్చాము. నాలుగో రోజున, అడగకుండానే, ధర్మవరంలో తీయించుకున్న ఈ.సి.జి. ఫోటో పంపాడు. ఇద్దరమూ దాన్ని పక్కపక్కన కూర్చుని, గీత గీతా రెండుసార్లు చదివాము. బాగానే ఉంది.